చీమ రాని నేల

మా కొత్త నేల మీదికి చీమలు రావడం లేదని మొదట కనిపెట్టింది మా అత్త సుంకమ్మ. కనిపెట్టి తెగ సంబరపడిపోయింది.

"సూడు కృపమ్మా, పాప బెల్లంగడ్డ మూలకు ఇసిరేసి మూడు దినాలాయ. ఒక్క చీమన్నా వచ్చిందా? మీ మామ తెచ్చిన మన్నంటే ఏమనుకుంటివి!" అంది.

నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఊరికంతా బుద్ధులు చెప్పే దాన్ని నేను. ఆశా కార్యకర్తను. కంబదూరు మండలంలో మా ఊరి గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు అందరి లెక్కా నా దగ్గరే ఉంటుంది. నీళ్లు కాచి తాగండి, చేతులు కడుక్కోండి, పిల్లకు టీకా వేయించండి అని ఇల్లిల్లూ తిరిగి గొంతు చించుకుంటాను. అలాంటి దాన్ని, నా ఇంట్లోకి చీమ ఎందుకు రావడం లేదని ఒక్క క్షణం ఆలోచించలేదు.

అప్పటికి నా భయమంతా మా మౌనిక ఊపిరి గురించి. దానికి రెండున్నరేళ్లు. నిరుడు ఎండాకాలం వరకు ఇంట్లో ఒక చోట నిలబడేది కాదు. మాది కాలనీ ఇల్లు, రెండు గదులు. సిమెంటు గచ్చు లేచిపోయి, ఊడ్చిన కొద్దీ పొడి రాలేది. మా ఆయన జోయల్ కళ్యాణదుర్గం, కంబదూరు మధ్య షేర్ ఆటో నడుపుతాడు. ఒకరోజు ఆటో వెనకాల ఇంత లావు చుట్ట పెట్టుకుని వచ్చాడు. ప్లాస్టిక్ షీటు, చూడటానికి అచ్చం టేకు చెక్క లాగా ఉంటుంది. జిగురు పూసి రెండు గదులకూ అంటించాడు. ఇల్లు సినిమాలో ఇల్లులా మెరిసిపోయింది. వాసన మాత్రం ముక్కులు బద్దలయ్యేలా ఉండేది. కొత్త వాసన, పోతుందిలే అనుకున్నాం. మధ్యాహ్నం వాకిలి నుంచి ఎండ పడితే ఆ షీటు వేడెక్కి మళ్లీ ఘాటు లేచేది.

నెల తిరక్కుండా మౌనికకు దగ్గు పట్టుకుంది. తర్వాత పిల్లికూతలు. నిద్రలో దాని రొమ్ము ఎగిరెగిరి పడేది. మాకు శిక్షణలో ఊపిరి లెక్కపెట్టడం నేర్పించారు. పిల్ల పొట్ట వంక చూస్తూ గడియారం పెట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఏడాది దాటిన పిల్లకు నలభై వస్తే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊళ్లో పిల్లలందరికీ లెక్కపెట్టిన నేను, నా పిల్ల దగ్గర ముప్పై ఆరు, ముప్పై ఏడు అంటూ మళ్లీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేదాన్ని.

కళ్యాణదుర్గంలో పిల్లల డాక్టరమ్మ అడిగింది, "ఇంట్లో కొత్తగా ఏమన్నా చేయించారా? పెయింటు, ప్లాస్టిక్కు, జిగురు?" నేను షీటు సంగతి చెప్పాను. "ఆ ఘాటు కొందరు పిల్లలకు పడదమ్మా. తీసేసి చూడండి" అంది.

ఆ రోజే తీసేశాం. జిగురు అంత తేలిగ్గా వదల్లేదు. గడ్డపారతో లేపుతుంటే గచ్చు కూడా పెళ్లలు పెళ్లలుగా ఊడి వచ్చింది. రెండు వారాల్లో మౌనిక దగ్గు తగ్గింది. నాకు అప్పుడే ఒక తెలివి పుట్టింది. వాసన ఉన్నది విషం, వాసన లేనిది మంచిది. ఆ తెలివే మా కొంప ముంచింది.

ఇక నేల ఏం వేయాలి? జోయల్ది ఒకటే మాట.

"తాడిపత్రి బండలు ఏసుకుందాం కృపా. మా సిన్నాయన ఇంట్లో ముప్పై ఏండ్లాయ ఏసి. ఏమైంది? రాయి రాయే కదా."

"సందుల్లో మళ్లా సిమెంటే కదా పోస్తారు? పైన పాలిష్ అని యాసిడ్ కొడతారు. పాప ఆడనే పొర్లాడతాది" అన్నాను.

నిజం చెప్పాలంటే ఫోనులో వీడియోలు చూసి నాకు తలకెక్కింది. బెంగుళూరులో బాగా చదువుకున్న వాళ్లు వెదికి వెదికి మట్టి నేలలు వేయించుకుంటున్నారు. మందుల్లేవు, వాసన లేదు, నేల కూడా ఊపిరి పీలుస్తుంది అని ఒకామె కళ్లు మూసుకుని చెబుతుంది. నాకు ఆ మాట తెగ నచ్చింది. మా మౌనికకు కావలసింది అదే కదా అనిపించింది.

మామ చెన్నప్పకు ఈ మాట చెవిన పడగానే పదేళ్లు చిన్నవాడైపోయాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన మట్టి మిద్దెలు వేసిన మనిషి. చౌడు ఎక్కడ తవ్వాలి, గరుసు ఎంత మందం పరవాలి, దిమ్మిసతో ఎన్నిసార్లు కొట్టాలి అన్నీ ఆయనకు కరతలామలకం. ఇప్పుడు ఆయన మాట వినేవాళ్లు లేరు. అందరిదీ సిమెంటే.

"మన్ను నేల అంటే ఉత్త మాటలు కాదు మ్మా. మన తావ చెదలు జాస్తి. ఏ మన్నంటే ఆ మన్ను తెచ్చి ఏస్తే ఆర్నెల్లకు గోడెక్కి దూలాలు తింటాది. చెదలెక్కని మన్ను ఏరుకోవల్ల. అది యాడుండాదో నాకు తెలుసు. నువ్వు గమ్మునుండు" అన్నాడు.

నేను గమ్మునే ఉన్నాను. రక్తం తక్కువున్న పిల్ల కనబడితే నిన్నేం తిన్నావు, మొన్నేం తిన్నావు అని ఇరవై ప్రశ్నలు వేసే దాన్ని, ఆ మన్ను ఎక్కడిది మామా అని ఒక్క మాట అడగలేదు. ముసలాయన ముఖంలో ఆ వెలుగు చూసి అడగబుద్ధి కాలేదు కూడా.

మా వీధిలోనే ఉండే తిరుపాలమ్మది ఎద్దులబండి. మామ ఆ బండి కట్టించుకుని రెండుసార్లు పోయి గోతాలు గోతాలుగా మన్ను తెచ్చాడు. పాత గచ్చు తవ్వి పారేసి, అడుగున గరుసు పరిచి, మీద ఈ మన్ను పోసి నీళ్లు చల్లాం. మన్ను ఎంత మెత్తగా ఉందంటే జల్లెడ పట్టినట్టే ఉంది. ఒక వేరు ముక్క లేదు, ఒక పురుగు లేదు. అందరం కలిసి తొక్కాం. మౌనిక కూడా గౌను పైకి ఎత్తిపట్టుకుని ఆ బురదలో దబదబా తొక్కింది. నేను ఫోనులో ఫోటో తీశాను. ఆ ఫోటో తర్వాత చెరిపేశాను. చూడలేకపోయాను.

తడిపినప్పుడు ఒక వాసన వచ్చింది. లీలగా, వెల్లుల్లి దంచినట్టు.

"పక్కింట్లో ఊరిబిండి నూరుతాండారు" అంది మా అత్త. అంతే. పేడ అలుకు పడ్డాక ఆ వాసన కూడా తెలియలేదు.

వారం ఆరాక నేల ఎర్రగా, నున్నగా, కాలు పెడితే చల్లగా తేలింది. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి చేత్తో నిమిరి చూశారు. నేనేమైనా తక్కువ తిన్నానా? ఆశా కార్యకర్త ఉపన్యాసం ఒకటి దంచాను. ప్లాస్టిక్కు వద్దు, జిగుర్లు వద్దు, పసిపిల్లలున్న ఇంట్లో ఇలాంటి నేలే మంచిది అన్నాను. తిరుపాలమ్మ మామ వైపు తిరిగింది.

"ఏమన్నా, మన్ను ఇంకా మిగిలిండాదే. మా సుజాత కాన్పుకొస్తాండాది. ఆ పిల్ల పండుకునే గదికి ఏసుకుంటా. బాలింతకు సల్లగా ఉంటాది."

మామ నా వంక చూశాడు. ఆరోగ్యం విషయంలో మా ఇంట్లో చివరి మాట నాదే.

"బంగారంగా వేసుకో అక్కా" అన్నాను.

తర్వాత కొన్నాళ్లు అంతా బాగానే ఉన్నట్టుంది. చీమలు రాలేదు. బొద్దింకలు వెల్లకిలా పడి కనిపించేవి, అత్త చీపురుతో తోసేసేది. ఒకరోజు గోడ వారన బల్లి పడి ఉంది. తోక కూడా కదలడం లేదు. బల్లి చచ్చిపడి ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. "ముసల్దయ్యుంటాది" అంది అత్త. బల్లులకు ముసలితనం వస్తుందా అని అడగబోయి ఊరుకున్నాను.

మాకు ఆదివారం చర్చి. అందుకని అత్త శనివారం పొద్దున్నే ఇల్లు అలుకుతుంది. మొదటి శనివారం సాయంత్రం మౌనికకు ముక్కు కారింది. చొంగ కారింది. నాలుగుసార్లు విరేచనం అయింది. సోమవారానికి తేరుకుంది. పళ్లు వస్తున్నాయనుకున్నాం. రెండో శనివారం మళ్లీ అదే. ఈసారి కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. లెక్కపెడితే ముప్పై ఎనిమిది. తడి పడటం లేదు కాబోలు, ఇకనుంచి నీళ్లు తక్కువ పోసి అలకమని అత్తతో చెప్పాను. మూడో శనివారం నలభై ఒకటి వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది. ముప్పై తొమ్మిదినే నమ్మాను. ఆదివారానికి తగ్గింది కూడా.

కానీ లోపల భయం మొదలైంది. అది ఎలాంటి భయమంటే, దేని వల్లో తెలియని భయం. షీటు ఉన్నప్పుడు వాసన ఉండేది, దాన్ని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా ఏమీ లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మోకాళ్ల మీద వంగి ముక్కు నేలకు ఆనించి వాసన చూశాను. పేడ వాసన, మట్టి వాసన, అంతే. ప్రభువా, నా బిడ్డకు ఏమవుతోంది అని అక్కడే ప్రార్థన చేశాను. ఆ నేలకే నుదురు ఆనించి చేశాను.

నాలుగో శనివారం మట్టల ఆదివారానికి ముందు రోజు. పండగ కదా అని అత్త నా మాట పక్కన పెట్టి, రెండు బక్కెట్ల నీళ్లతో బాగా తడిపి అలికింది. నేను పొద్దున్నే తిరుపాలమ్మ ఇంటికి పోయాను. సుజాత కాన్పయి వారం. ఏడో రోజు పసిబిడ్డను ఇంటికి పోయి చూడాలని మాకు నియమం. మొగబిడ్డ. నేల మీద పాత చీర పరిచి పడుకోబెట్టారు. గది చల్లగా ఉంది, అప్పుడే అలికినట్టున్నారు. సుజాత మంచం మీద కూర్చుని ఉంది.

"పాలు సరింగ తాగడం లేదక్కా. మందంగా ఉంటాడు. నోట్లో నుంచి చొంగ" అంది.

ఊపిరి లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. పసికందులకు అరవై దాటితే ప్రమాదం. అరవైకి రెండు తక్కువ. "వారం బిడ్డ కదా, నిద్రపోతూనే ఉంటాడు. రెండు గంటలకోసారి లేపి పాలు పట్టు" అని ఫారంలో ఊపిరి మామూలు అని రాశాను. బయటికి వస్తూ నేల బాగా కుదిరిందని తిరుపాలమ్మను మెచ్చుకున్నాను కూడా.

ఇంకో మూడిళ్లు తిరిగి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. బయట ఎండ మండిపోతోంది. మౌనిక నేల మీద బోర్లా పడుకుని ఉంది. చల్లదనానికి ఒంటి మీద గౌను కూడా లేకుండా పడుకుంది. అత్త పక్కన కూర్చుని విసురుతోంది.

"పొద్దుటి నుంచి లేయలేదు మ్మే. బాగా నిద్ర పట్టింది" అంది.

దాని చెంప కింద నేల తడిసి ఉంది. చొంగ. అంత చల్లటి నేల మీద కూడా ఒళ్లంతా చెమట. తిప్పి చూస్తే పెదవుల దగ్గర నురుగు. రెప్పలు తెరిచాను. కంటిపాప కనబడలేదు. కాసేపు వెదికితే కనబడింది, నల్లటి చుక్క, సూది పొడిచినంత. బుగ్గ మీద కండ అదురుతోంది. రొమ్ము మీద చెవి పెట్టాను. ఇవి పిల్లికూతలు కావు. లోపల నీళ్లు గురగురమంటున్నాయి. గడియారం పెట్టుకున్నాను. యాభై ఆరు.

నేను ఏమని అరిచానో నాకు గుర్తులేదు. జోయల్ కళ్యాణదుర్గం బస్టాండులో ఉన్నాడట, ఆటో ఎక్కిన వాళ్లను దింపేసి వచ్చాడు. ఆ ఇరవై ఐదు నిమిషాలూ నేను వాకిట్లో వేపచెట్టు నీడలో దాన్ని ఒళ్లో పెట్టుకుని నోరు తుడుస్తూనే ఉన్నాను. తుడిచిన కొద్దీ వస్తూనే ఉంది. మామ పక్కన నిలబడి, "ఏమైంది మ్మా, ఏమైంది" అంటూనే ఉన్నాడు. ఆటోలో ఆయన కూడా ఎక్కాడు. దారంతా లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. అరవై. ఒక చోట ఊపిరి ఆగింది. ఒకటి, రెండు, మూడు అని నేను ఊపిరి కాదు, దాని ఆగడాన్ని లెక్కపెడుతున్నాను. వీపు మీద చరిస్తే మళ్లీ తీసుకుంది. "తోలు జోయల్, తోలు" అంటున్నాను. గుంతల్లో ఆటో ఎగిరిపడుతోంది, ఆయన వెనక్కి తిరిగి చూడటం లేదు. చూస్తే తోలలేనని తర్వాత చెప్పాడు.

అదే డాక్టరమ్మ. పిల్లను చూడగానే నన్ను అడగకుండానే బట్టతో ఒళ్లంతా తుడిపించింది. టార్చి వేసి కళ్లు చూసింది.

"ఇంట్లో పురుగుల మందు కొట్టారా?"

"లేదు మేడం. మాది మట్టి నేల. ప్లాస్టిక్ కూడా తీసేశాం, మీరు చెప్పినారు కదా" అన్నాను.

"ఇది ఆయాసం కాదమ్మా. కంటిపాపలు చూడు. మందు తగిలిన పిల్ల ఇట్లా ఉంటుంది. చేలో డబ్బా ఏదన్నా ముట్టిందా? మీ ఆయన డ్రమ్ము ఏదన్నా తెచ్చాడా? బాగా ఆలోచించు, నాకు తెలియాలి" అంటూనే ఇంజెక్షన్ ఎక్కించింది. కాసేపాగి ఇంకొకటి. మూతికి ఆక్సిజన్ పెట్టారు. కంటిపాప పెద్దదయ్యే దాకా చూస్తూ ఉంటామని చెప్పింది.

నేను ఆలోచించాను. మా ఇంట్లో మందు డబ్బా లేదు. చేను లేదు. మందు ఎక్కడుంటుంది? మందు ఉన్న చోట ఏముండదు? అప్పుడు మూలన పడి ఉన్న బెల్లంగడ్డ గుర్తొచ్చింది. మూడు రోజులు, ఒక్క చీమ లేదు. బల్లి. బొద్దింకలు. శనివారం, నీళ్లు, చొంగ. అన్నీ ఒక దాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. కాళ్ల కింద నేల జారిపోవడం అంటారు, నాకు ఆ మాట అప్పుడు నిజంగానే తెలిసింది.

మామ వరండాలో గోడకు ఆనుకుని ఉన్నాడు.

"మామా, ఆ మన్ను యాడిది?"

"ఏ మన్ను?"

"మన నేలది. యాడ తవ్వినావు?"

"ఇత్తనాల ఈరన్న పాత కొట్టం కాడ" అన్నాడు. అర్థం కానట్టు నా ముఖం చూస్తున్నాడు. "చెనిక్కాయ ఇత్తనాలకు మందు పట్టిస్తాండ్లే, ఆ తావ. ఎప్పటి మాటో అది. కొట్టం మూతబడి శానా ఏండ్లాయ. ఆ మన్నులో చెదలుండదు మ్మా, చీమ ఉండదు, గడ్డి పోచ గూడా మొలవదు. అందుకే గదా తెచ్చింది. పాప ఇంటికి చెదలు పట్టగూడదని తెచ్చినా."

డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి వింటోంది. "మందు డబ్బాలు ఏమయ్యాయి తాతా?" అని అడిగింది.

"మూసేటప్పుడు మిగిలిన డబ్బాలన్నీ ఆడనే గుంత తీసి పూడ్చిరి. నేను గుంతలో తవ్వలేదమ్మా, పక్కన తవ్వినా. పైన రేకులుండాయి, వాన పడదు, మన్ను మెత్తగా పిండి మాదిరి ఉంటాది..." మాట ఆగిపోయింది. వాన పడని చోట మందు ఎక్కడికి పోతుందో అప్పుడు ఆయనకు తట్టినట్టుంది. "నేను ఆడ పదేండ్లు చేతుల్తో కలిపినోన్నే గదమ్మా మందు. నాకేమాయ?"

అని రెండు చేతులూ ముందుకు చాపాడు. ఆ చేతులు వణుకుతున్నాయి. మాకు తెలిసినప్పటి నుంచీ వణుకుతూనే ఉన్నాయి. సంకటి ముద్ద నోటి దాకా పోయేసరికి సగం రాలిపోతుంది. ముసలితనం అనుకున్నాం. డాక్టరమ్మ ఆ చేతుల వంకే చూస్తోంది. మామ వాటిని పంచె మడతలో దాచుకున్నాడు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. రావలసినంత కోపం నా మీద నాకే ఉంది. మంచి నేల కావాలని వెదికింది నేను. జోయల్ బండలు వేద్దామంటే వద్దన్నది నేను. ఊరికంతా చెప్పింది నేను.

ఊరికంతా అనుకోగానే ఇంకో ఇల్లు గుర్తొచ్చింది. సుజాత గది. వారం బిడ్డ. యాభై ఎనిమిది. ఊపిరి మామూలు అని నా చేత్తో రాసిన ఫారం ఇంకా నా సంచిలోనే ఉంది.

ఫోను తీశాను. నంబరు సరిగా పడటం లేదు. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తింది.

"ఏం కృపమ్మా, పాపకెట్లుంది? జోయల్ ఆటో గాలి మాదిరి పోయింటే అందరం గాబరా పడితిమి" అంది తిరుపాలమ్మ.

"అక్కా, బిడ్డ యాడుండాడు?"

"యాడుంటాడు, గదిలో. ఉడుక్కు సచ్చిపోతాండామని చీర గూడా తీసేసి ఉత్త నేల మీదనే పండుకోబెట్టినా. సల్లగా పండుకోనుండాడు. మజ్జాన్నం నుంచి ఒక్క ఏడుపు లేదు, మంచోడు."

"అక్కా, ఆ గదిలో చీమలు ఉండాయా?"

తిరుపాలమ్మ నవ్వింది. మా అత్త నవ్విన నవ్వే. నేను నవ్విన నవ్వే.

"యాడివి మ్మా చీమలు! సుజాతకు పెట్టిన బెల్లం గిన్నె మూత లేకుండా పెట్టినా ఒక్కటి రాలేదు. నీ పుణ్యమే తల్లీ. ఆశమ్మ చెప్పిన నేల అని అందరికీ చెప్తాండా."

"ఎత్తుకో అక్కా!" అని అరిచాను. ఆసుపత్రి వరండా అంతా నా వైపు తిరిగింది. "బిడ్డను ఎత్తుకుని బయటికి రా. సుజాతను గూడా రమ్మను. ఆ మన్నులో మందు ఉండాది. విత్తనాల మందు. ఇప్పుడే, ఫోను పెట్టొద్దు, ఎత్తుకో!"

ఫోను కింద పడిన శబ్దం. చెంబు ఏదో దొర్లింది. సుజాత "అమ్మా ఏమే, ఏమైందే" అంటోంది. పక్కన జోయల్ తన ఫోనులో అంబులెన్సు వాళ్లకు ఊరి పేరు చెబుతున్నాడు. నేను చెవికి ఫోను నొక్కుకుని వింటున్నాను. బిడ్డ గొంతు తప్ప అన్నీ వినబడుతున్నాయి. కుక్క మొరుగుతోంది. ఎవరో పరుగెత్తుతున్నారు.

"లేయడం లేదు కృపమ్మా!" తిరుపాలమ్మ గొంతు దూరం నుంచి వచ్చింది. "తల వాల్చేస్తాండాడు!"

"మూతి తుడువు. పక్కకు తిప్పి పట్టుకో. తడిగుడ్డతో ఒళ్లంతా తుడువు. అరికాలు గిల్లు అక్కా, గట్టిగా గిల్లు!"

ఎంతసేపో తెలియదు. లెక్కపెట్టడానికి కూడా నా దగ్గర అంకెలు లేవు. ప్రభువా, ఒక్క ఏడుపు, ఒక్క ఏడుపు అంటున్నాను. అప్పుడు వినబడింది. కోడిపిల్ల గొంతంత సన్నటి ఏడుపు. ఆగింది. మళ్లీ వచ్చింది. నేను వరండాలో కూలబడిపోయి, ఫోను చెవికి పెట్టుకునే ఏడ్చాను.

ఆ సాయంత్రమే ఆ బిడ్డను కూడా మౌనిక పక్క మంచం మీదికి తెచ్చారు. అందరికంటే చిన్నవాడు, అందరికంటే ఎక్కువ రోజులు ఉన్నాడు. మౌనిక నాలుగో రోజు సంకటి అడిగింది. ఆ బిడ్డ పదకొండో రోజు పాలు పీల్చాడు. తిరుపాలమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను చూసి తల పక్కకు తిప్పుకునేది. అనుంటే బాగుండేది.

రెండిళ్ల నేలలూ మూరెడు లోతుకు తవ్వి తీశారు. ఆ మన్ను ఎక్కడ పోయాలో ఎవరూ చెప్పలేకపోయారు. వంకలో పోస్తే మేకలు తాగుతాయి, చేలో పోస్తే పంటకు ఎక్కుతుంది. చివరికి గోతాల్లో మూతులు కుట్టి ఈరన్న కొట్టంలోనే పెట్టి, చుట్టూ ముళ్లకంప వేశారు. వ్యవసాయ ఆఫీసు వాళ్లు వస్తామన్నారు. మామ రోజూ పోయి ఆ కంప సరిచేసి వస్తాడు. ఇంకే పనీ చేయడు.

మా ఇంటికి తాడిపత్రి బండలు వేశాం. కింద ఏరు నుంచి తెచ్చిన ఇసుక, సందుల్లో సున్నం, అంతే. ఇసుక ఎక్కడ తవ్వారో నేను స్వయంగా పోయి నిలబడి చూశాను. బండలు పరిచి, కడిగి, ఆరిన తర్వాత కూడా మౌనికను లోపలికి రానివ్వలేదు. మేమంతా వాకిట్లో వేపచెట్టు కిందే వండుకున్నాం, తిన్నాం. డాక్టరమ్మ ఇక ఫరవాలేదు పొమ్మంది. నాకు ధైర్యం చాల్లేదు. గది మధ్యలో బండ మీద ఒక బెల్లంగడ్డ పెట్టి, గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని. ఒకరోజు, రెండు రోజులు, వారం. ఏమీ రాలేదు. మా అత్త నా వెనకాల నిలబడి చూసేది, సంబరపడేది కాదు.

తొమ్మిదో రోజు పొద్దున గుమ్మం సందులో నుంచి ఒక ఎర్ర చీమ వచ్చింది. అటూ ఇటూ తిరిగింది. దారి తప్పి గోడ దాకా పోయి మళ్లీ వచ్చింది. నేను ఊపిరి బిగబట్టుకున్నాను. ఈలోగా మౌనిక నా పక్క నుంచి లోపలికి దూరి, "చీమ! చీమ!" అంటూ తొక్కడానికి కాలు ఎత్తింది. దాన్ని రెక్క పట్టుకుని ఎంత గట్టిగా వెనక్కి లాగానంటే పిల్ల ఝడుసుకుని గుక్కపట్టి ఏడ్చింది.

"తొక్కొద్దు తల్లీ, తొక్కొద్దు" అంటూ ఏడుస్తున్న పిల్లను ఒళ్లోకి తీసుకుని, ఆ చీమ బెల్లం దగ్గరికి చేరేదాకా కదలకుండా కూర్చున్నాను.